యౌవనస్థులకు ద్వారము అప్పగించుదము

(శతాబ్ది ఉత్సవముల యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నూరు సంవత్సరముల పండుగ చేసికొనుచున్నాము. ఇట్టి సమయమున మన పితరులు కట్టిన దేవాలయములను, నడిపిన బడులను, ఆసుపత్రులను లెక్కించుకొనుట సహజమే. లెక్కించుకొనవలసినదే. అయితే రేపు ఆ బడులను, ఆసుపత్రులను నడుపుటకు ఎవరున్నారు? మన ఊరి పంచాయతీలో, మన వార్డులో లేచి నిలబడి న్యాయముగా మాటలాడుటకు ఎవరున్నారు? ఈ ప్రశ్నను కూడ ఈ సమయముననే అడుగుకొనవలెను.

కమిటీవారు మాకిచ్చిన అంశము "యౌవనస్థులు, పౌర నాయకత్వము". ఈ అంశముమీద మనమందరము చాల ఉపదేశములు వినియున్నాము. నేటి బాలలే రేపటి పౌరులని ప్రతి ఆగస్టు 15వ తేదీన చెప్పుకొనుచునే యున్నాము. అందుచేత ఈ ఉదయము మేము ఒక్క మాట మాత్రమే మీ ముందుంచగోరుచున్నాము. నాయకత్వము ఉపన్యాసమువలన రాదు, అప్పగించిన పనివలన వచ్చును. అప్పగించుట అనగా పని చెప్పి పంపుట మాత్రమే కాదు. ఆ పనిలో వారు చెప్పిన మాటను మనము కూడ గౌరవించుట.

దీనికి మన తెలుగు నేలమీద జరిగిన ఒక సంగతిని చెప్పెదము. 1923 డిసెంబరులో కాకినాడలో భారత జాతీయ కాంగ్రెసు మహాసభలు జరిగెను. మౌలానా మహమ్మదాలీ గారు అధ్యక్షులు. సభలతోపాటు ఖద్దరు ప్రదర్శన కూడ ఏర్పాటుచేసిరి. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువకూడదని చెప్పి ప్రదర్శన ద్వారమునొద్ద ఒక బాలికను స్వచ్ఛంద సేవకురాలుగా నిలిపిరి. ఆమె రాజమండ్రి పిల్ల. వయస్సు 14 సంవత్సరములు. పేరు దుర్గాబాయి. జవహర్‌లాల్ నెహ్రూ గారు ప్రదర్శన చూచుటకు వచ్చిరి. వారియొద్ద టిక్కెట్టు లేదు. ఆ బాలిక వారిని ఆపివేసెను. నిర్వాహకులు ఆమెను మందలించిరి. తనకు చెప్పిన నియమమునే తాను పాటించుచున్నానని ఆమె బదులు చెప్పెను. అప్పుడు నిర్వాహకులే టిక్కెట్టు కొని ఇచ్చిరి. ఆ తరువాతనే నెహ్రూ గారు లోనికి వెళ్ళిరి. ఆ బాలిక కర్తవ్య దీక్షను వారు మెచ్చుకొనిరి.

ఈ కథ చాలమందికి తెలిసినదే. దీనిని చెప్పునప్పుడు సాధారణముగా ఆ బాలిక ధైర్యమును కొనియాడుదుము. అది న్యాయమే. అయితే మేము పెద్దల వైపునుండి కూడ దీనిని చూడగోరుచున్నాము. మొదట, వారు ఆమెకు నిజమైన పని ఇచ్చిరి. పూలదండలు పట్టుకొని వరుసలో నిలుచుండు పని కాదు, ఎవరు లోనికి రావలెనో ఎవరు రాకూడదో చూచు పని. రెండవది, నియమమును స్పష్టముగా చెప్పిరి. మూడవది అన్నిటికంటె ముఖ్యము. పెద్ద నాయకులు వచ్చినప్పుడు కోపపడిరి గాని ఆమెను పక్కకు నెట్టి ద్వారము తెరువలేదు. టిక్కెట్టు కొనిరి. ఆ టిక్కెట్టు కొన్న క్షణమున ఆ బాలికకు ఒక సంగతి తెలిసియుండును. నియమము అనునది చిన్నవారికి, పెద్దవారికి సమానమే. దానిని నిలబెట్టుటకు తనవంటి పిల్ల మాట కూడ చెల్లును. పౌరనీతి అనగా ఇదే గదా!

ఒక్క ద్వారమువలననే ఆమె జీవితమంతయు మారెనని మేము అనము. అంతకు ముందే ఆమె రాజమండ్రిలో బాలికలకు హిందీ నేర్పుటకు చిన్న పాఠశాల నడిపినది. 1930లో ఉప్పు సత్యాగ్రహములో జైలుకు వెళ్ళిరి. చట్టమెరుగక శిక్షలనుభవించుచున్న స్త్రీలను జైలులో చూచి న్యాయశాస్త్రము చదువవలెనని నిశ్చయించుకొనిరి, చదివిరి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించిరి. రాజ్యాంగ సభలో సభ్యురాలై దేశమునకు చట్టము వ్రాసినవారిలో నిలిచిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా దానికి మొదటి అధ్యక్షురాలైరి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అను పేరు దేశమంతట తెలిసినది తరువాతి మాట. ఆ పేరు ఎవరికిని తెలియని దినమున ఆమె చేతికి పని అప్పగించినవారున్నారు, అది మనము జ్ఞాపకముంచుకొనవలెను.

ఇప్పుడు మన సంఘముల సంగతి చూచుకొందము. మన యౌవనస్థులకు మనము ఏమి అప్పగించుచున్నాము? క్రిస్మసుకు నక్షత్రము కట్టుట, సీరియల్ లైట్లు వేయుట, కన్వెన్షనులో కుర్చీలు వేయుట, మంచినీళ్ళు అందించుట. ఇవి మంచి పనులే. కుర్చీ వేయుటకు సిగ్గుపడు నాయకుడు నాయకుడు కాడు. అయితే కుర్చీలు ఎన్ని తేవలెను, ఎక్కడ తేవలెను, ఎంత అద్దె ఇవ్వవలెను అను మాట వచ్చినప్పుడు, "మీరు పిల్లలు, మీకు తెలియదు, మేము చూచుకొందుము" అని అనుచున్నాము. ముప్పదియేండ్లు వచ్చినను వారు మనకు పిల్లలే. ఆ తరువాత, "మన యువకులు సంఘ పనులకు రారు, సెల్‌ఫోను వదలరు" అని మనమే బాధపడుచున్నాము.

మన పూర్వికులు ఇంతకంటె ధైర్యవంతులు. 1881లో అమెరికాలోని పోర్ట్‌లండ్ పట్టణమున ఫ్రాన్సిస్ క్లార్క్ అను పాస్టరు గారు క్రిస్టియన్ ఎండెవర్ సంఘమును ప్రారంభించిరి. దాని ప్రత్యేకత ఏమనగా, సభ్యులైన యౌవనస్థులకు కమిటీలలో పని పంచి, ఆ పనికి వారినే బాధ్యులను చేసెడివారు. సభలో మాటలాడుట, మినిట్సు వ్రాయుట, లెక్క చెప్పుట అనువాటిని యౌవనస్థులు ఆ కమిటీలలోనే నేర్చుకొనిరి.

మన దోర్నకల్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి సంగతి చూడుడి. 1912లో వారు బిషప్పుగా అభిషేకింపబడిరి, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు వారే. అప్పటికి వారి వయస్సు 38. అంత చిన్న వయస్సులో అంత భారమును ఎట్లు మోయగలిగిరి? 1895లో, సుమారు 21 ఏండ్ల వయస్సుననే, వై.యం.సి.ఏ. కార్యదర్శిగా పని చేపట్టి 1909 వరకు ఊరూరు తిరిగిరి. బిషప్పు కాకముందు వారికి ఎన్నో ఏండ్ల అభ్యాసమున్నది. ఆ అభ్యాసమునకు అవకాశమిచ్చినవారున్నారు.

ఇక్కడ రెండు మాటలకు అర్థము చెప్పుకొనవలెను. వాలంటీరు అనగానే 2019 నుండి 2024 వరకు ఆంధ్రప్రదేశ్‌లో 50 ఇండ్లకు ఒకరు చొప్పున గౌరవ వేతనముపై పనిచేసిన ప్రభుత్వ వాలంటీర్లు మన జ్ఞాపకమునకు వచ్చుదురు. మేము చెప్పుచున్నది అది కాదు. ఎవరి ఉత్తరువు లేకుండ, తన ఊరి మేలు కొరకు తానుగా ముందుకు వచ్చి చేయు సేవను గూర్చి చెప్పుచున్నాము. ఇంటర్న్‌షిప్ అనగా చదువుకొనుచునే ఒక పనిని తెలిసినవారి ప్రక్కన ఉండి కొంత కాలము చేసి నేర్చుకొనుట. వైద్య విద్యార్థులు హౌస్ సర్జనుగా ఒక సంవత్సరము పనిచేయనిదే డాక్టరు కారు. వేదాంత కళాశాలలో మేము చదువుకొన్న దినములలో కూడ వారాంతములందు గ్రామ సంఘములకు పంపుచుండిరి. గ్రీకు వ్యాకరణము తరగతి గదిలో నేర్చుకొంటిమి గాని, కోపముతోనున్న ఇద్దరు సంఘ పెద్దలను ఒక చాపమీద కూర్చుండబెట్టుట మాత్రము ఆ గ్రామములలోనే నేర్చుకొంటిమి. గురువునకు, వైద్యునకు అభ్యాసము కావలసియుండగా పౌరునకు మాత్రము అక్కరలేదా?

సేవకు మంచి మనస్సు చాలును గదా, అభ్యాసమెందుకు అని ఎవరైన అడుగవచ్చును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మొదలైన ప్రాంతములు మునిగిపోయినవి. ఎందరో యౌవనస్థులు నీళ్ళలో నడచి అన్నము, పాలు, మంచినీళ్ళు మోసిరి. వారి ప్రేమకు వందనములు చెప్పవలెను. అయితే రోడ్డుకు దగ్గరనున్నవారికి పొట్లములు అందినంతగా లోపలి వీధులవారికి అందలేదు. ఏ వీధిలో మంచము పట్టిన ముసలమ్మ ఉన్నది, ఏ ఇంట నెలలు నిండిన గర్భిణి ఉన్నది అని తెలిసిన చిట్టా ఒకటి ఉండవలెను. ఆ చిట్టాను వరద వచ్చిన దినమున వ్రాయుటకు వీలుపడదు. అంతకు ముందు సంవత్సరమంతయు ఆ వీధులలో తిరిగినవాడే దానిని వ్రాయగలడు.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో వచ్చిన చిక్కు కూడ ఇట్టిదే. యెరూషలేములో దినదిన పరిచర్యలో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు అందవలసినది అందలేదు. సణుగు పుట్టెను. అపొస్తలులు సణిగినవారిని నోరుమూయించలేదు. ఏడుగురిని ఎన్నుకొని వడ్డన పనిని వారికి అప్పగించిరి. ఆ ఏడుగురి పేర్లు చూడుడి, అన్నియు గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయము జరిగినదో వారి పక్షమువారికే గిన్నె, గరిటె అప్పగించిరన్న మాట. మన యౌవనస్థులు పంచాయతీ కుళాయిని గూర్చి, మురుగు కాలువను గూర్చి, సంఘ లెక్కలను గూర్చి కూడ సణుగుచున్నారు. ఆ సణుగుడులో ఒక నాయకుడున్నాడని పెద్దలు గుర్తింపవలెను.

ప్రభుత్వము, విశ్వవిద్యాలయములు ఈ విషయమున కొన్ని మార్గములు తెరిచినవి. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24వ తేదీన జాతీయ సేవా పథకమును, అనగా ఎన్.ఎస్.ఎస్.ను, 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభించిరి. ఇందులో చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. దత్తత గ్రామమున ఏడు దినముల శిబిరము కూడ ఉండును. ఇక ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరమునుండి తెచ్చిన డిగ్రీ ప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి చేసిరి. మొదటి సంవత్సరము ముగిసిన వేసవిలో సమాజ సేవా ప్రాజెక్టు అను పేర 180 గంటల పనిని కూడ చేర్చిరి. విద్యార్థి ఒక ఊరిని గాని వార్డును గాని తీసికొని, ఇంటింటికి తిరిగి సర్వే చేసి, అక్కడి సమస్యలు గుర్తించి, చేసిన పనిని లాగ్ బుక్కులో వ్రాసి నివేదిక ఇవ్వవలెను. కాగితముమీద ఇది ఎంతో మంచి ఏర్పాటు.

అయితే ఈ కాగితమువలననే ఒక శోధన కూడ వచ్చినది. మన బడులకు, ఆసుపత్రులకు, గురువులమైన మాయొద్దకు కూడ పిల్లలు సర్టిఫికెట్టు కొరకు వచ్చుచున్నారు. కొందరు పని చేయకముందే సంతకము అడుగుదురు. తలిదండ్రులు వెంటవచ్చి, "అయ్యగారూ, పిల్లవాని భవిష్యత్తు, కొంచెము చూడండి" అందురు. వారి ఆందోళన మేమెరుగుదుము. అయినను అట్టి సంతకము మేము చేయము. ఎందుకనగా సమాజ సేవను గూర్చి ఆ పిల్లవాడు పొందు మొదటి పత్రమే అబద్ధమైనయెడల అతనికి మనము ఏమి నేర్పినట్లు? చేయని పనికి పెద్దలు సంతకము పెట్టుదురని నేర్పినట్లే. రేపు అతడే ఒక ఆఫీసులో కూర్చుండును. వేయని రోడ్డుకు బిల్లు వచ్చినప్పుడు అతని చేయి వెనుకాడదు. ఆ రోడ్డుమీద నడువవలసినది మన మనుమలే.

సంతకము నిరాకరించినంత మాత్రమున మన పని అయిపోదు. అది సగము పనియే. "బాబూ, సంతకము తరువాత, ఇదిగో పని" అని చూపుటకు మనయొద్ద పని సిద్ధముగా ఉండవలెను. ఆ పనులు ఎట్టివి? మాకు తోచినవి కొన్ని చెప్పెదము.

మొదటిది ఓటర్ల జాబితా. 1989 మార్చినుండి 18 సంవత్సరములు నిండినవారికి ఓటు హక్కు వచ్చినది. ఇప్పుడు 17 నిండినవారు కూడ ముందుగా ఫారము 6 దాఖలు చేసికొనవచ్చును. మన వీధిలో పేరు లేనివారెవరు, చనిపోయినను పేరున్నవారెవరు, పెండ్లియై వచ్చిన కోడండ్రలో పేరు మారనివారెవరు అని ఇద్దరు యౌవనస్థులు నెల రోజులు తిరిగి చూచినయెడల, ఎన్నికల పుస్తకము వారికి కంఠతా వచ్చును. ఏ పార్టీకి వేయవలెనని వారు చెప్పకూడదు. అది ఈ పనికి మొదటి నియమము.

రెండవది గ్రామసభ. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషి గ్రామసభ సభ్యుడే. 21 నిండినవారు పంచాయతీకి పోటీ కూడ చేయవచ్చును. మనలో ఎందరము గ్రామసభకు వెళ్ళి, తీర్మానము చదువగా విని, తరువాత సంతకము చేసితిమి? ఇద్దరు యౌవనస్థులను ఒక సంఘ పెద్దతో పంపుడి. ఏమి చెప్పిరో, ఎంత ఖర్చు చూపిరో వ్రాసికొని రావలెను. సందేహము కలిగినచోట 2005 సమాచార హక్కు చట్టము ప్రకారము దరఖాస్తు వ్రాయుట నేర్పుడి. సాధారణముగా 30 దినములలో జవాబు ఇవ్వవలెను. మర్యాదగా, స్పష్టముగా, ఎవరిని దూషింపకుండ ఒక దరఖాస్తు వ్రాయుట గొప్ప విద్య.

మూడవది మన సంస్థలలోని పని. ఆసుపత్రిలో ఓ.పి. చీటీ ఎక్కడ తీసికొనవలెనో తెలియక నిలుచున్న పల్లెటూరి తల్లికి దారి చూపుట, బడిలో అక్షరములు కూడబలుకలేని పిల్లలను సాయంకాలము గంటసేపు చదివించుట. నాల్గవది సంఘ లెక్కలు. ఈ సంవత్సరము కోత పండుగ ఆదాయ వ్యయముల పుస్తకమును ట్రెజరరు గారి పర్యవేక్షణలో ఇద్దరు యౌవనస్థులచేత వ్రాయించుడి. రసీదు లేని ఖర్చును వారు అడిగినప్పుడు, ఎంత పెద్దవారైనను రసీదు చూపుడి. కాకినాడ నిర్వాహకులు టిక్కెట్టు కొన్నది ఇట్టి సమయముననే.

ఈ పనులు ఎట్లు జరుగవలెను? ప్రతి ఇద్దరు యౌవనస్థులకు ఒక పెద్ద తోడుగా ఉండవలెను. పని మూడు నెలలకు మించకూడదు, అంతులేని పని ఎవరికిని ఉత్సాహమియ్యదు. ఒక నోటుబుక్కు ఉండవలెను. ముగిసిన తరువాత ఆరాధన అనంతరము ఐదు నిమిషములు సంఘము ఎదుట నివేదిక చదువవలెను. చేయలేకపోయినది కూడ అందులో చెప్పవలెను. అప్పుడే సర్టిఫికెట్టుమీద సంతకము. అప్పుడు ఆ సంతకమునకు విలువ ఉండును.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. వారిని వంట దగ్గర, ముగ్గు దగ్గర నిలిపివేయకూడదు. జంటగా పంపుడి, చీకటి పడకముందే ఇల్లు చేరునట్లు చూడుడి, స్త్రీల మైత్రి పెద్దలలో ఒకరిని వెంట ఉంచుడి. జాగ్రత్త పేర అవకాశమును మాత్రము తీసివేయవద్దు. 1923లోనే 14 ఏండ్ల బాలికకు ద్వారము అప్పగించిన జాతి మనది.

ఇంకొక మాట. జీతము లేని సేవ చేయుట కలిగినవారి పిల్లలకు సుళువు. వేసవిలో కూలికి వెళ్ళిగాని కాలేజీ ఫీజు కట్టుకొనలేని పిల్లలు మన సంఘములలో ఉన్నారు. "సేవకు రాలేదు" అని వారిని నిందించుట అన్యాయము. వారికి బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనము, వీలైనయెడల కొంత ఉపకార వేతనము పాస్టరేటు ఇవ్వవలెను. శతాబ్ది నిధినుండి కొంత భాగము దీనికి కేటాయింపుమని ఈ వేదికమీదనుండి పెద్దలకు మనవి చేయుచున్నాము. లేనియెడల నాయకత్వము కలిగిన ఇండ్లలోనే తిరుగుచుండును, పల్లె వెలుపలి పేటలకు చేరదు.

పిల్లలు పొరపాటు చేసినయెడల ఏమగునని కొందరు పెద్దలు భయపడుదురు. చేయుదురు. మార్కు అను యౌవనుడు మొదటి ప్రయాణములో పౌలు బృందమును విడిచి తిరిగిపోయెను. బర్నబా అతనికి మరల అవకాశమిచ్చెను. చివరకు పౌలు తానే అతనిని తీసికొని రమ్మని వ్రాసెను. చిన్న లెక్కలో చిన్న పొరపాటు జరుగనిండి. మన కన్నుల యెదుట, మనము దిద్దుటకు వీలున్నప్పుడు జరుగుట మేలు గదా!

యౌవనస్థులారా, మీతోను ఒక మాట. పని అప్పగించినప్పుడు దానిని ముగించుడి. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినంత మాత్రమున పని జరిగినట్లు కాదు. జెండాలు మోయుటకు, బైకు ర్యాలీలకు మిమ్మును పిలుచువారు చాలమంది ఉన్నారు. ఆ సాయంకాలము పెట్రోలు పోయించి మరునాడు మీ పేరు మరచిపోవుదురు. మీ వీధిలోని నల్లాకు నీరు ఏ గంటకు వచ్చునో తెలిసికొన్నవాడు వారికంటె పెద్ద నాయకుడు.

పెద్దలారా, వచ్చు పాస్టరేటు కమిటీ సమావేశపు అజెండాలో ఒక్క అంశము చేర్చుమని వేడుకొనుచున్నాము. మన సంఘమునుండి ఇద్దరు యౌవనస్థుల పేర్లు, వారికి అప్పగించు ఒక పని, తోడుండు పెద్ద పేరు, ముగింపు తేదీ. ఈ నాలుగింటిని మినిట్సు పుస్తకములో వ్రాసి సంతకము చేయుడి. ఆ సంతకము మేము సంతోషముగా చేయుదుము.